కోర్దోబా తబేర్నాల భోజనం: అపోహలు - వాస్తవాలు

స్పెయిన్ దక్షిణాన ఉన్న కోర్దోబా పాతబస్తీలో, ఒక తబేర్నా వంటగదిలో నేను పనిచేస్తున్నాను. తబేర్నా అంటే మన మండువా లోగిలిలా నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ గదులు, గోడవారగా ద్రాక్షసారా పీపాలు ఉండే పాతకాలపు భోజనశాల. మెస్కీతా, అంటే ఇప్పుడు చర్చిగా ఉన్న పాత మసీదు, చూసి అలసిపోయి మా దగ్గరికి వచ్చే తెలుగువారు ఇక్కడి తిండి గురించి కొన్ని నమ్మకాలతో వస్తారు. వాటి వల్ల మంచి వంటకాలు రుచి చూడకుండానే వెళ్లిపోతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సాల్మోరేహో అరబ్బుల కాలం నాటి టమాటా సూపు.

వాస్తవం: ఇక్కడ రాజ్యమేలిన అరబ్బు ఖలీఫాల పాలన 929లో మొదలై 1031లో ముగిసింది. టమాటా అమెరికా ఖండం నుంచి స్పెయిన్‌కు చేరింది 1492 తర్వాతే. అంతకుముందు ఇక్కడివారు రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె, వెనిగర్, ఉప్పు కలిపి రోట్లో నూరుకునేవారు. బాదంపప్పు వేసి చేసే తెల్లని మసమోర్రా ఆ పాత పద్ధతికి దగ్గరి చుట్టం. కొన్ని తబేర్నాల్లో ఇప్పటికీ దొరుకుతుంది, కనిపిస్తే వదలకండి.

సాల్మోరేహో సూపు కూడా కాదు. అది రొట్టె వంటకం. కిలో టమాటాలకు 200 గ్రాముల రొట్టె, 100 గ్రాముల నూనె, ఒక వెల్లుల్లి రెబ్బ, 10 గ్రాముల ఉప్పు: ఇది ఇక్కడ అందరికీ తెలిసిన కొలత. రొట్టె నిన్నటిదై ఉండాలి, లోపలి గుజ్జు గట్టిగా ఉండే తెలేరా రకం అయితే మరీ మంచిది. చేరిన కొత్తలో నేను తాజా మెత్తని రొట్టె వేశాను. గిన్నె నిండా జిగురు తయారైంది. చద్దన్నం విలువ తెలిసిన ఇంట్లో పుట్టి కూడా, మిగిలిన రొట్టె కోసమే పుట్టిన వంటకమని అప్పటిదాకా నాకు తోచలేదు. రుబ్బుతూ ఉండగా నూనెను సన్నని ధారగా పోయాలి. ఎర్రని గుజ్జు మెల్లగా నారింజ రంగుకు తిరిగి, గరిటె జాడ నిలిచేంత చిక్కబడుతుంది. గాస్పాచోలో కీరదోస, క్యాప్సికమ్ పడతాయి, పలుచగా తాగేలా ఉంటుంది. రెండింటినీ ఒకటి అనుకోకండి.

అపోహ: శాకాహారులకు ఇక్కడ ఏమీ దొరకదు. లేదా, "మాంసం వద్దు" అంటే సరిపోతుంది.

వాస్తవం: రెండూ తప్పే, రెండోది ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇక్కడ చాలామంది దృష్టిలో "కార్నె" అంటే వండిన మాంసపు ముక్క. ఆరబెట్టిన పంది తొడ మాంసమైన హామోన్, ట్యూనా చేప ఆ లెక్కలోకి రాకపోవచ్చు. సాల్మోరేహో మీద ఉడికించిన గుడ్డుతో పాటు హామోన్ ముక్కలు చల్లడం ఆనవాయితీ. దగ్గరి ఊరు మోంతీయా ద్రాక్షసారాతో వండే ఆర్టిచోక్‌లు అనే మొగ్గ కూరగాయలోనూ హామోన్ పడుతుంది. కాబట్టి "సిన్ హామోన్, సిన్ కార్నె, సిన్ పెస్కాదో" (హామోన్, మాంసం, చేప లేకుండా) అని మూడింటినీ విడివిడిగా చెప్పండి. గుడ్డు తినకపోతే "సిన్ వేవో" కూడా చేర్చండి. వేపుళ్లయితే ఏ నూనెలో వేయిస్తున్నారో అడగండి. చాలా వంటగదుల్లో చేపలకూ కూరగాయలకూ ఒకటే బాణలి. అడిగితే ఎవరూ విసుక్కోరు. వడ్డించాక తెలిసి బాధపడటం చూసినప్పుడే మాకు కష్టంగా ఉంటుంది.

అపోహ: రాబో దె తోరో అంటే బుల్ ఫైట్‌లో చనిపోయిన ఎద్దు తోక.

వాస్తవం: పేరు అక్కడిదే కానీ, ఇప్పుడు వడ్డించేది ఎక్కువగా మామూలు పశువుల తోక. ద్రాక్షసారాలో, ఉల్లి, క్యారెట్‌లతో మూడు గంటలకు పైగా సన్నని సెగ మీద ఉడికిస్తాం. ఎముక నుంచి మాంసం దానంతట అది విడిపోవాలి. ఇది గొడ్డుమాంసం. తిననివారు పేరు చూసి గుర్తుపట్టాలి. ఫ్లమెంకీన్ అనే పొడవాటి వేపుడు పంది మాంసం.

అపోహ: ఎర్రగా ఉంది కనుక కారంగా ఉంటుంది.

వాస్తవం: ఆ ఎరుపు ఎక్కువగా పిమెంతోన్ అనే ఎండుమిరప పొడిది, ఎక్కువగా తియ్యని రకం. మన నాలుకకు కారం తగలదు.

అపోహ: పాతబస్తీలో ఉన్నవన్నీ పాత భోజనశాలలే.

వాస్తవం: గోడలు పాతవి, వంటగదులు చాలావరకు కొత్తవి. 1879 నాటి తబేర్నా సాలినాస్, 1908 నాటి బొదేగాస్ కాంపోస్ వంటివి కొన్నే. వయసు కంటే నేను వేరేవి చూస్తాను: మధ్యాహ్నం రెండున్నరకు ఊరివాళ్లు కూర్చున్నారా, పలకమీద ఆ రుతువు కూరగాయలు రాశారా అని. బయట పాయేయా అనే అన్నం వంటకం ఫొటోలు వేలాడుతుంటే ముందుకు నడవండి, అది వలెన్సియా వంటకం. సాయంత్రం ఆరింటికి భోజనం అడగకండి. చాలాచోట్ల నాలుగింటికి పొయ్యి ఆర్పితే మళ్లీ ఎనిమిదిన్నర తర్వాతే.

అపోహ: వంకాయ వేపుడు మీద పోసేది తేనె.

వాస్తవం: బెరెన్హేనాస్ కొన్ మియెల్ (తేనెతో వంకాయలు) అని రాసినా, సాధారణంగా పోసేది "మియెల్ దె కాన్యా", అంటే చెరకు రసం కాచిన నల్లని పాకం. మాలగ ప్రాంతంలోని ఫ్రిహిల్యానాలో ఇప్పటికీ కాస్తారు. వంకాయ, చెరకు రెండూ ఇక్కడికి అరబ్బులతోనే వచ్చాయి. మొదటిసారి రుచి చూసినప్పుడు నాకు సంక్రాంతి ముందు బెల్లం కాచే పెనం దగ్గరి వాసన గుర్తొచ్చింది. పళ్లెం రాగానే తినండి. పాకం తగిలిన వంకాయ కాసేపట్లోనే మెత్తబడిపోతుంది.