టాప్ చూపే అంకెల్లో ఏది నమ్మాలి?

పిల్లలూ,

8 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో ఒక్క ప్రోగ్రామే 20 జీబీ వాడుతోందని లినక్స్‌లో టాప్ (నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపే కమాండ్) ఎలా చూపిస్తుంది, అది తప్పు కాదా అని మీ సందేహం. తప్పు కాదు. మీరు చూసింది విర్ట్ అనే కాలమ్. ప్రోగ్రామ్ తన పేరున రాయించుకున్న అడ్రసుల మొత్తం అది. రాయించుకున్నంత మాత్రాన ర్యామ్ ఖర్చవదు.

లినక్స్‌లో చిన్న సి ప్రోగ్రామ్ రాసి చూడండి. మాలాక్‌తో (మెమరీ అడిగే సి ఫంక్షన్) 1 జీబీ అడిగి, ఏమీ రాయకుండా ఆపి ఉంచండి. విర్ట్ ఒక్కసారిగా 1 జీబీ పెరుగుతుంది, పక్కనున్న రెస్ కాలమ్ (ర్యామ్‌లో నిజంగా ఉన్న భాగం) దాదాపు కదలదు. ఇప్పుడు ప్రతి 4096 బైట్లకు ఒక్క బైటు చొప్పున రాస్తూ పొండి. రెస్ ఎక్కడం మొదలవుతుంది. ర్యామ్‌ను పంచే ఒక్కో ముక్కను పేజీ అంటారు. మామూలు పీసీలో పేజీ సైజు 4 కేబీ కాబట్టి, మీరు ఒక్క బైటు తాకినా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పేజీ మొత్తాన్ని ర్యామ్‌లో కేటాయించాలి. అలా 2,62,144 పేజీలు తాకితే 1 జీబీ నిండుతుంది. కొన్ని మెషీన్లలో కెర్నల్ ఒకేసారి 2 ఎంబీ పెద్ద పేజీలు ఇస్తుంది. అప్పుడు రెస్ మెట్లు మెట్లుగా పెరిగితే కంగారుపడకండి.

పీఎస్ కమాండ్‌లో ఈ రెండిటినే వీఎస్‌జెడ్, ఆర్‌ఎస్ఎస్ అంటారు, అంకెలు కేబీల్లో ఉంటాయి. వాటిని బైట్లనుకుని లెక్క కట్టేవాళ్లు ఎక్కువే.

మరి రెస్ నిజమేనా? ఒక్క ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) వరకు చాలావరకు నిజమే. అన్నిటినీ కూడితేనే చిక్కు. మూడు ప్రాసెస్‌లు ఉన్నాయనుకోండి. ఒక్కోదానికి సొంతంగా 10 ఎంబీ, ముగ్గురికీ ఉమ్మడిగా 6 ఎంబీ లైబ్రరీ (అందరూ పంచుకునే కోడ్). ఒక్కోదాని రెస్ 16, కూడితే 48. ర్యామ్‌లో నిజంగా ఉన్నది 36 మాత్రమే, ఎందుకంటే లైబ్రరీ ఉన్నది ఒక్క కాపీయే, దాన్ని మూడుసార్లు లెక్కేశాం. ఈ తగువు తీర్చడానికే పీఎస్ఎస్ వచ్చింది. ఉమ్మడి 6ను ముగ్గురికీ తలా 2 పంచి, ఒక్కోదానికి 12 చూపిస్తుంది. కూడితే సరిగ్గా 36. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు ఫోల్డర్‌లోకి వెళ్లి ఎస్‌మ్యాప్స్ రోలప్ అనే ఫైలు తెరవండి, పీఎస్ఎస్ అక్కడుంటుంది. వేరే యూజర్ ప్రాసెస్ అయితే రూట్ (అడ్మిన్) అనుమతి కావాలి. దాన్ని చదివినప్పుడల్లా కెర్నల్ పేజీలన్నీ తిరిగి లెక్కపెట్టాలి గనక సెకనుకోసారి అడగడం మంచిది కాదు.

ఈ ప్రాసెస్‌ను చంపితే ఎంత ర్యామ్ వెనక్కొస్తుంది? అదే ఫైల్లో ప్రైవేట్ అని మొదలయ్యే క్లీన్, డర్టీ వరుసలు కూడండి. మన ఉదాహరణలో 10. మిగతా ఇద్దరూ బతికుండగా లైబ్రరీ ఎక్కడికీ పోదు.

విండోస్ టాస్క్ మేనేజర్ ఇలాంటి సొంత వాటానే మామూలుగా చూపిస్తుంది. అందుకే ఒకే బ్రౌజర్‌కి అక్కడో అంకె, లినక్స్‌లో మరో అంకె కనపడితే పోల్చి తగవులాడుకోకండి. డిటైల్స్ టాబ్‌లో శీర్షిక మీద రైట్ క్లిక్ చేసి కమిట్ సైజ్ కాలమ్ కూడా పెట్టుకోండి. ర్యామ్‌లోనో డిస్క్ మీది పేజ్ ఫైల్లోనో చోటు ఇస్తానని సిస్టమ్ మాటిచ్చిన మొత్తం అది.

లీక్ (పని అయిపోయిన మెమరీని ప్రోగ్రామ్ వదలకపోవడం) ఉందా అని చూసేటప్పుడు రెండు చోట్ల మోసపోతారు. ఒకటి, ప్రోగ్రామ్ మెమరీని ఫ్రీ చేసినా (వదిలేసినా) రెస్ తగ్గకపోవచ్చు. ఆ చోటును మాలాక్ మళ్లీ వాడుకుందామని తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. అది లీక్ కాదు. రెండోది దీనికి తిరగేసిన కథ. రెస్ తగ్గిందని సంబరపడతారు, తీరా పేజీలు స్వాప్‌లోకి (ర్యామ్‌కు బదులు డిస్క్ మీద వాడే చోటు) పోయి ఉంటాయి. ప్రాక్‌లో ఆ ప్రాసెస్ ఫోల్డర్‌లోని స్టేటస్ ఫైల్లో వీఎమ్‌స్వాప్ వరుస కూడా చూస్తేనే సంగతి తెలుస్తుంది. ఒక్కసారి చూసి తేల్చేయకండి. ప్రోగ్రామ్‌తో ఒకే పని పదిసార్లు చేయించి, ప్రతిసారీ రెస్, స్వాప్ కలిపి రాసుకోండి. మొదటి రెండు మూడు సార్లు పెరిగి ఆగితే సర్దుకున్నట్టు. పదోసారికి కూడా అదే లెక్కన పెరుగుతుంటే కోడ్ తెరవాల్సిందే.

లినక్స్‌లో మొత్తం ర్యామ్ లెక్క చూపే ఫ్రీ కమాండ్‌లో ఫ్రీ కాలమ్ చిన్నగా ఉందని ఎవరైనా భయపెడితే, దాన్ని వదిలేసి అవైలబుల్ కాలమ్ చూడమనండి. ఖాళీగా ఉన్న ర్యామ్‌ను కెర్నల్ ఫైళ్ల క్యాష్‌కి (చదివిన ఫైళ్లను దగ్గర ఉంచుకోవడానికి) వాడుకుంటుంది, ఎవరైనా అడిగితే అందులో చాలామటుకు ఖాళీ చేసి ఇచ్చేస్తుంది.

మీ
పెదనాన్న