కాజ టోల్‌గేట్ దగ్గర పది స్కూటర్లు

2025 ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే పక్క పోర్షన్ పిన్నిగారు పేపర్ పట్టుకుని వచ్చేశారు. "ఏమయ్యా, మొన్న ఒక శాతం అన్నారు, ఇప్పుడు మూడంటున్నారు, అంటే ఆ రాయి మనవైపు తిరిగిందనేగా?" 2024 వైఆర్4 అనే ఆస్టరాయిడ్ గురించి లెండి, ఓ 60 మీటర్లుంటుంది, 2032 డిసెంబర్ 22న భూమిని గుద్దే ఛాన్స్ ఫిబ్రవరి 18కి 3.1 శాతం దాకా పోయి వారం తిరక్కుండానే దాదాపు సున్నాకొచ్చేసింది. ఎవరో శాంతి హోమం చేయించబట్టే తగ్గిందని ఆవిడకి వాట్సాప్‌లో కూడా వచ్చిందట.

రాయి ఎటూ తిరగలేదు, దాని దారిన అది పోతూనే ఉంది. మరి శాతం ఎందుకు పెరిగినట్టు? పిన్నిగారికి నేను స్కూటర్ల లెక్క చెప్పాను.

బెంజ్ సర్కిల్లో ఒకతను స్కూటర్ మీద గుంటూరు వైపు పోతూ మనకి అర సెకను కనిపించాడు. స్పీడు ముప్పై కావచ్చు, యాభై కావచ్చు. అందుకని మనం వెయ్యి ఉత్తుత్తి స్కూటర్లు వదులుతాం, ఒక్కోటి ఒక్కో స్పీడులో. వారధి ఎక్కేటప్పటికి అన్నీ దాదాపు గుంపుగానే ఉంటాయి, అరగంటయ్యాక చూస్తే వెనకది మంగళగిరిలో, ముందుది నంబూరు దగ్గర, మిగతావన్నీ మధ్యలో బారుగా. ఆ క్షణానికి కాజ టోల్‌గేట్ దగ్గర ఎన్నున్నాయి? పది. వెయ్యిలో పది, ఒక శాతం. ఆ టోల్‌గేటే భూమి.

ఇంతలో ఎవరో ఫోన్ చేసి మనవాణ్ణి తాడేపల్లి దగ్గర ఫలానా టైముకి చూశాం అన్నారనుకోండి (అంటే టెలిస్కోప్‌కి రాయి ఇంకోసారి కనబడటం లాంటిది), మరీ నెమ్మదిగాళ్లు, మరీ దూకుడుగాళ్లు ఔట్, 320 మిగిలాయి, టోల్‌గేట్ దగ్గరి పది మాత్రం ఇంకా లిస్టులోనే ఉన్నాయి. 320లో పది అంటే 3.1 శాతం! పైన అంకె మారలేదు, కింద అంకె తగ్గిందంతే. ఇంకో ఫోనొచ్చి మనవాడు టోల్‌గేట్ ఎప్పుడో దాటేసే స్పీడులో ఉన్నాడని తేలితే ఆ పదీ కూడా పోతాయి, సున్నా. పెరిగి పెరిగి ఒక్కసారిగా పడిపోవడం అందుకే.

టైమింగ్ ఎంత సన్నటిదో చూడండి. భూమి సెకనుకి 30 కిలోమీటర్ల చొప్పున పోతోంది, దాని వ్యాసం 12,742 కిలోమీటర్లు, అంటే తన వెడల్పంత దూరం ఏడు నిమిషాల్లో జరిగిపోతుంది. రాయి ఏడెనిమిది నిమిషాలు లేటైతే చాలు, మిస్సే. మన రైళ్లలో ఏడు నిమిషాల్ని ఎవరూ లేటు కింద లెక్కే వేయరు.

ఈ ఉత్తుత్తి స్కూటర్ల పనిలో పేరు మోసినాయన ఆండ్రియా మిలానీ, ఇటలీ, 1948లో ఫ్లోరెన్స్‌లో పుట్టాడు, పీసా యూనివర్సిటీలో లెక్కల ప్రొఫెసర్. అసలు చిక్కేంటంటే రాయి పొజిషన్‌కి మూడు నంబర్లు, వేగానికి మూడు, మొత్తం ఆరు డైమెన్షన్లలో ఉంటుంది మన తెలియనితనం, ఒక్కో ఉత్తుత్తి రాయికి ఒక్కో చుక్క అనుకుని ఊరికే చుక్కలు చల్లుకుంటూ పోతే కోటిలో ఒక ఛాన్స్‌ని పట్టాలంటే కోట్ల చుక్కలు కావాలి. మిలానీ వాళ్లు ఏం చూశారంటే ఆ చుక్కల మబ్బు కాలం గడిచేకొద్దీ ముఖ్యంగా ఒకవైపుకే సాగుతుంది, కాబట్టి పూలదండలో దారంలా మధ్య గీత ఒక్కటి పట్టుకుని దాని మీదే చుక్కలు పెట్టి, పక్కపక్క చుక్కల నడుమ ఎక్కడ భూమికి దూరం కనిష్ఠం అవుతుందో వెతికితే సరిపోతుంది. 1999లో ఈ దారిలోనే 1999 ఏఎన్10 అనే రాయికి 2039లో గుద్దే అవకాశం, వంద కోట్లలో ఒకటి లాంటిది, పట్టుకున్నారు. అదే ఏడు పీసాలో నియోడిస్ అనే లెక్కల సర్వీసు పెట్టారు. ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి ఎలిప్స్ చాప్టర్లో లేటస్ రెక్టమ్ ఫార్ములా బట్టీ పట్టిస్తున్నాను గానీ ఇలాంటి ఉద్యోగం ఒకటుందని ఏనాడూ చెప్పలేదు, నా తప్పే.

అపోఫిస్ అనే ఇంకో ఆస్టరాయిడ్‌ది కూడా ఇదే కథ. 2004 డిసెంబర్లో దానికి 2.7 శాతం దాకా వెళ్లింది, 2029 ఏప్రిల్ 13కి. ఆ మార్చిలోనే తీసిన పాత ఫొటోల్లో అది మసగ్గా దొరికేసరికి టోల్‌గేట్ ఖాళీ. అయినా ఇంకో పేచీ మిగిలింది, 2029లో 600 మీటర్ల వెడల్పున్న ఒక సందులోంచి గనక పోతే భూమి లాగుడుకి దాని ఏడాది సరిగ్గా 426 రోజులైపోతుంది, మన ఏడేళ్లకి దానివి ఆరు చుట్లు, అంటే 2036లో మళ్లీ ఇదే చోట ఇద్దరం ఎదురెదురు. ఏ లేన్లో దూరావన్నదే మొత్తం తేలుస్తుందన్నమాట. 2021 మార్చిలో రాడార్‌తో కొలిచాక కనీసం వందేళ్ల దాకా ఏం లేదని తేలింది.

మిలానీ 2018 నవంబర్లో పోయాడు. ఆయన పేరు పెట్టిన చిన్న డబ్బాలాంటి ఉపగ్రహం 2024 అక్టోబర్లో హెరా నౌకతో కలిసి డిడిమోస్ అనే జంట రాళ్ల దగ్గరికి బయల్దేరింది.

పిన్నిగారు అంతా విని, "అది సరే గానీ ఆ టోల్‌గేట్ దగ్గర పదిమంది ఏమయ్యారయ్యా?" అన్నారు. వాళ్లు అసలు లేరు పిన్నిగారూ అంటే నమ్మలేదు.