గుర్తు తెలియని గామా కిరణ మూలాలు, ఎక్స్-రే పరిశీలనలు: అపోహలు - వాస్తవాలు

గామా కిరణాలను, అంటే అత్యధిక శక్తి గల కాంతిని చూసేందుకు 2008లో ప్రయోగించిన ఫెర్మి అంతరిక్ష దూరదర్శిని తొలి ఎనిమిదేళ్ల దత్తాంశంతో రూపొందిన నాలుగో జాబితాలో 5,000కు పైగా గామా కిరణ మూలాలున్నాయి. వాటిలో 1,300కు పైగా మూలాలు ఏ ఖగోళ వస్తువుకు చెందినవో ఆ జాబితా నాటికి తేలలేదు. వాటి ఆచూకీ తీయడంలో ఎక్స్-రే దూరదర్శినుల పాత్ర గురించి హనుమకొండ, కరీంనగర్ కళాశాలల్లో మాట్లాడినప్పుడు ఎదురయ్యే కొన్ని అపోహలివి.

అపోహ: గుర్తు తెలియనిదంటే శాస్త్రం ఎరుగని వింత వస్తువు.

వాస్తవం: చాలావరకు కొరవడింది చిరునామా మాత్రమే. గామా ఫోటాన్ (కాంతి కణం) ఫెర్మిలోని టంగ్‌స్టన్ రేకుల్లో ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటగా మారినప్పుడు, ఆ జంట సాగిన దారిని బట్టి ఫెర్మి ఆ ఫోటాన్ వచ్చిన దిశను లెక్కగడుతుంది. అందువల్ల మసక మూలాల స్థానం తరచూ కొన్ని ఆర్క్ నిమిషాల (ఒక్కోటి డిగ్రీలో అరవయ్యో వంతు) మేర దీర్ఘవృత్తంగానే తెలుస్తుంది. నిండు చంద్రుడి వ్యాసం సుమారు 30 ఆర్క్ నిమిషాలని గుర్తుంచుకుంటే, ఆ మేరలో ఎన్ని నక్షత్రాలు, గెలాక్సీలు ఇముడుతాయో ఊహించవచ్చు. స్విఫ్ట్ ఉపగ్రహంలోని ఎక్స్-రే దూరదర్శిని ఆ దీర్ఘవృత్తాన్ని సాధారణంగా ఒకే చూపులో పట్టి, అందులోని ఎక్స్-రే మూలాల స్థానాలను కొన్ని ఆర్క్ సెకన్ల (ఆర్క్ నిమిషంలో అరవయ్యో వంతు) కచ్చితత్వంతో ఇస్తుంది.

అపోహ: ఏటూరునాగారం అడవుల్లాంటి చీకటి చోట మంచి పరికరం పెడితే ఈ పని ఇక్కడి నుంచే చేయవచ్చు.

వాస్తవం: చేయలేం. చీకటి ఎంత ఉన్నా ఈ ఎక్స్-కిరణాలను వాతావరణం మధ్యలోనే పీల్చుకుంటుంది. 2015లో శ్రీహరికోట నుంచి మన ఖగోళ పరిశీలక ఉపగ్రహం ఆస్ట్రోశాట్ అంతరిక్షానికి వెళ్లింది అందుకే.

అపోహ: దీర్ఘవృత్తంలో ఎక్స్-రే మూలం కనిపిస్తే పని ముగిసినట్టే.

వాస్తవం: ఈ రంగంలో ఎక్కువ పొరపాట్లకు దారితీసేది ఈ తొందరే. మామూలు నక్షత్రాల కరోనాలూ (వాటి చుట్టూ ఉండే అతి వేడి వాయు పొరలు), గామా కిరణాలతో సంబంధం లేని సుదూర గెలాక్సీ కేంద్రాలూ ఎక్స్-కిరణాలను వెలువరిస్తాయి కాబట్టి, యాదృచ్ఛికంగా ఒకటి రెండు అక్కడ పడటం సహజం. దొరికిన మూలానికి రేడియో తోడు (అదే చోట రేడియో తరంగాలు వెలువరించే వస్తువు) ఉందా, గామా ప్రకాశంతో పోలిస్తే ఎక్స్-రే ప్రకాశం ఎంత, ఆ ప్రకాశం కాలంతో మారుతోందా అని చూడాలి. రేడియో తోడుండి, ప్రకాశం మారుతూ ఉంటే బ్లేజర్ (మనవైపు కణాల ధారను చిమ్మే సుదూర గెలాక్సీ కేంద్రం) అయ్యే అవకాశం ఎక్కువ. గామా ప్రకాశం నిలకడగా ఉండి, వర్ణపటం కొన్ని గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల (ఫోటాన్ శక్తికి కొలమానం) దగ్గర వంగి, ఎక్స్-రే మరీ మసకగా ఉంటే పల్సర్‌ను (వేగంగా తిరుగుతూ క్రమబద్ధంగా స్పందనలు పంపే న్యూట్రాన్ నక్షత్రాన్ని) అనుమానించాలి. ఇవన్నీ కుదిరినా అది సంబంధం మాత్రమే. గామా, ఎక్స్-రే రెండింటిలోనూ ఒకే స్పందనకాలం (స్పందనల మధ్య వ్యవధి) కనిపించడం వంటి రుజువు దొరికినప్పుడే గుర్తింపు అంటాం. మిథున రాశిలోని గెమింగాను 1970ల తొలినాళ్లలో గామా కిరణాల్లో కనుగొన్నారు. ఐన్‌స్టీన్ అనే ఎక్స్-రే ఉపగ్రహ పరిశీలనలు 1983లో ఒక ఎక్స్-రే మూలాన్ని చూపినా, రోసాట్ అనే మరో ఎక్స్-రే ఉపగ్రహం 1992లో 0.237 సెకన్ల స్పందనను పట్టేదాకా అది పల్సర్ అని రూఢి కాలేదు.

అపోహ: ఎక్స్-రే ఏమీ కనిపించకపోతే పరిశీలన వృథా.

వాస్తవం: స్విఫ్ట్ ఇలాంటి చోట్ల తరచూ సుమారు 4,000 సెకన్లే చూస్తుంది. ఆ వ్యవధిలో ఏదీ కనబడకపోవడం కూడా ప్రకాశానికి ఒక గరిష్ఠ పరిమితినిచ్చి, కాంతివంతమైన బ్లేజర్లను పక్కన పెట్టడానికి తోడ్పడుతుంది. అయితే పాలపుంత తలం దగ్గర హైడ్రోజన్‌తో కూడిన వాయుమేఘాలు తక్కువ శక్తి ఎక్స్-కిరణాలను మింగేస్తాయి కాబట్టి, అక్కడ ఈ వాదనను ఆచితూచి వాడాలి.

అపోహ: ఇది నాసా, ఇస్రో ఉద్యోగులకే సాధ్యం.

వాస్తవం: ఫెర్మి, స్విఫ్ట్ దత్తాంశం, దాన్ని విశ్లేషించే సాఫ్ట్‌వేర్ ఉచితమే. కాకతీయ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివే విద్యార్థికి లినక్స్ నడిచే కంప్యూటర్, ఓపిక చాలు. అసలు ఇబ్బంది గణాంకాల్లో ఉంది: చేతికొచ్చేవి కొన్నిసార్లు పదిలోపు ఫోటాన్లే కాబట్టి, పుస్తకాల్లో నేర్చిన కై-స్క్వేర్ పద్ధతి (లెక్కలు ఎక్కువగా ఉన్నప్పుడే సరిపోయే గణాంక పరీక్ష) అక్కడ పనికిరాదు, తక్కువ సంఖ్యలకూ సరిపోయే పాయిసాన్ లెక్కలే చేయాలి. ముందుగా స్వభావం తెలిసిన ఒక బ్లేజర్‌పై ఇదంతా చేసి, ప్రచురిత విలువలతో సరిచూసుకున్నాకే తెలియని మూలం జోలికి వెళ్లడం మంచిది.