డేట్ దాటింది, నొప్పులు రాలేదు

కార్డు మీద డాక్టర్ రాసిచ్చిన డెలివరీ డేట్ రోజునే పుట్టే పిల్లలు నూటికి నలుగురో ఐదుగురో, అంతే. మిగతావాళ్ళంతా ముందో వెనకో పుడతారు, తొలిచూలు అయితే వెనకపడటమే కాస్త ఎక్కువ. డాక్టర్లు ఆ తేదీని అంచనాగా రాస్తారు, ఇంట్లోవాళ్ళు మాత్రం ఖాయమైపోయిందనే అనుకుంటారు. విశాఖపట్నంలో అయితే గాజువాకలో ఉండే మేనత్త నుంచి మధురవాడలో ఉండే పిన్ని దాకా అందరికీ ఆ తేదీ నోటికి వచ్చు. ఆ రోజు పొద్దున్నే ఫోన్లు మొదలు. "ఏమ్మా, ఇంకా నొప్పులు రాలేదా?" మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. కాళ్ళ వాపుతో, నిద్ర పట్టక, పుట్టింట్లో రాత్రంతా అటూ ఇటూ దొర్లుతున్న ఆ అమ్మాయికి రెండు మూడు రోజులయ్యేసరికి తన ఒంట్లోనే ఏదో లోపం ఉందేమోనన్న అనుమానం పట్టుకుంటుంది. ఆ అమ్మాయి కోసమూ, ఆ ఫోన్లు చేసేవాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను.

ముందు ఆ తేదీ ఎలా వస్తుందో చూద్దాం. చివరిసారి నెలసరి మొదలైన రోజుకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలుపుతారు, మొత్తం 280 రోజులు, అంటే 40 వారాలు. జనవరి 10న నెలసరి వచ్చి ఉంటే డేట్ అక్టోబరు 17. జర్మనీలోని హైడెల్బర్గ్‌లో ప్రసూతి వైద్యుడిగా పనిచేసిన ఫ్రాంజ్ కార్ల్ నెగెలె (1778–1851) పేరు మీద స్థిరపడిన లెక్క ఇది. ఇందులో ఒక షరతు ఉంది. ప్రతి 28 రోజులకీ నెలసరి వస్తుందని, 14వ రోజున అండం విడుదలవుతుందని అనుకుంటేనే ఈ లెక్క సరిపోతుంది. 35 రోజులకోసారి నెలసరి వచ్చే అమ్మాయికి అండం 21వ రోజు ప్రాంతంలో విడుదలవుతుంది, కాబట్టి ఆమె అసలు డేట్ అక్టోబరు 24. అంటే 17 నుంచి ఇంటిల్లిపాదీ పడిన టెన్షన్ అంతా అసలు జరగని ఆలస్యం గురించే. పీసీఓడీ అనే అండాశయాల సమస్య వల్ల నెలసరి ముందూ వెనకా అయ్యే అమ్మాయిలు ఎంతమంది ఉన్నారో మనకి తెలియనిది కాదు, వాళ్ళందరి విషయంలోనూ కేవలం నెలసరి తేదీని నమ్ముకుంటే లెక్క తప్పుతుంది.

అందుకే మొదటి మూడు నెలల్లో చేసే స్కాన్ అంత ముఖ్యం. అప్పుడు బిడ్డ తల నుంచి పిరుదుల దాకా పొడవు కొలుస్తారు. ఆ వయసులో దాదాపు పిల్లలందరూ ఒకే వేగంతో పెరుగుతారు కాబట్టి ఆ కొలతని బట్టి తేదీ చెబితే ఐదు నుంచి ఏడు రోజులకి మించి తేడా రాదు. తర్వాత్తర్వాత తల్లిదండ్రుల పోలిక, తిండి, బీపీ, షుగర్ అన్నీ బిడ్డ సైజు మీద పనిచేస్తాయి, అందువల్ల చివరి నెలల్లో చేసిన స్కాన్ చెప్పే తేదీలో మూడు వారాల దాకా తేడా ఉండొచ్చు. చాలామంది ఫైల్ తెరిచి చూస్తే నెలసరి లెక్క తేదీ ఒకటి, మొదటి స్కాన్ తేదీ ఇంకొకటి, తొమ్మిదో నెల స్కాన్ రిపోర్టు మూలన అచ్చైన తేదీ మరొకటి కనిపిస్తాయి. ఆ మూడోది చూసి "అమ్మో, ఇంకా పదిహేను రోజులుందట" అని నిశ్చింతగా కూర్చునేవాళ్ళూ ఉన్నారు, అది ప్రమాదం. మొదటి స్కాన్‌తో ఒకసారి ఖాయం చేసిన తేదీని చివర్లో మార్చకూడదు. ఏజెన్సీ (మన్యం) ఊళ్ళ నుంచి విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రులైన కేజీహెచ్‌కో ఘోషా ఆసుపత్రికో కాన్పుకి వచ్చే ఆడవాళ్ళకి ఇది మరీ పెద్ద విషయం. రోజు కూలి మానుకుని, డేట్‌కి ముందే వచ్చి బంధువుల ఇంట్లో దిగుతారు, ఆ డేటే తప్పయితే వారాల తరబడి ఎదురుచూపు వాళ్ళకి తిండి ఖర్చుతో సహా మీద పడుతుంది.

సరే, తేదీ పక్కాగా తెలిసిందనుకుందాం. అప్పుడైనా అందరికీ ఒకే గడువా? అమెరికాలో 125 గర్భాల మీద చేసి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మూత్రంలోని హార్మోన్లు కొలిచి అండం విడుదలైన రోజునే పట్టుకున్నారు, అంటే లెక్క తప్పడానికి తావు లేదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళని పక్కన పెట్టాక కూడా అతి తక్కువ గర్భానికీ అతి ఎక్కువ గర్భానికీ మధ్య తేడా 37 రోజులు వచ్చింది. ఐదు వారాల పైమాట! అందరూ ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళే. ఇది చదివాక నాకైతే ఒక్క తేదీ చెప్పే బదులు "ఫలానా వారం నుంచి ఫలానా వారం లోపు" అని చెప్పడమే న్యాయం అనిపించింది, చుట్టాలకి చెప్పేటప్పుడు మరీనూ.

నొప్పులు ఎవరు మొదలుపెడతారు, తల్లా బిడ్డా? ఈ ప్రశ్నకి మొదటి గట్టి జవాబు గొర్రెల నుంచి వచ్చింది. న్యూజిలాండ్‌లో గ్రాహం లిగిన్స్ అనే వైద్యుడు 1960ల్లో గొర్రె కడుపులోని పిల్లలో మెదడు కింద ఉండి హార్మోన్లు విడుదల చేసే పిట్యూటరీ గ్రంథి పనిని ఆపేస్తే ఈనే సమయం దాటిపోయినా గొర్రె ఈనలేదు. అదే పిల్లకి కార్టిసాల్ లాంటి స్టెరాయిడ్ ఎక్కిస్తే సమయానికి ముందే ఈనేసింది. అంటే గొర్రెల్లో బిడ్డే కబురు పంపుతోందన్నమాట. ఆ ప్రయోగాల్లో, బతక్కూడనంత ముందుగా పుట్టిన గొర్రెపిల్ల ఊపిరితిత్తులు కొంత విచ్చుకుని ఉండటం ఆయన గమనించాడు. నెలలు నిండకుండా నొప్పులొచ్చిన తల్లికి ఇవాళ మన ఆసుపత్రుల్లో "బిడ్డ ఊపిరితిత్తుల కోసం" అని చెప్పి ఇచ్చే ఇంజెక్షన్‌కి మూలం అక్కడే ఉంది, మనుషుల్లో ఆ ఫలితాలు 1972లో వెలువడ్డాయి.

మనుషుల్లో కథ ఇంత సూటిగా లేదు, పూర్తిగా తేలనూ లేదు. గర్భసంచిని కదలకుండా ఉంచే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ గొర్రెల్లో కాన్పుకి ముందు పడిపోతుంది, మనలో రక్తంలో అలాగే ఉంటుంది, గర్భసంచి కండరం దాని మాట వినడం మానేస్తుంది. మరోపక్క, తల్లి నుంచి బిడ్డకి ఆహారం, ఆక్సిజన్ అందించే మాయ సీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ని తయారుచేస్తుంటుంది. అది తొందరగా పెరిగిన తల్లులకి కాన్పు ముందుగా, నెమ్మదిగా పెరిగినవాళ్ళకి ఆలస్యంగా జరుగుతోందని ఆస్ట్రేలియా పరిశోధకులు 1995లో చూపించారు. ఎలుకల మీద 2004లో వచ్చిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది: బిడ్డ ఊపిరితిత్తులు తయారవుతున్నప్పుడు అందులోని ఒక ప్రొటీన్ ఉమ్మనీటిలోకి చేరి, అక్కడి నుంచి గర్భసంచికి సంకేతం వెళుతుంది. ఊపిరి పీల్చడానికి సిద్ధమయ్యాక బిడ్డే చెబుతోందేమో అన్న ఆలోచన నన్ను చాలాకాలం వదల్లేదు.

బయటికి ఏమీ కనిపించని ఆ రోజుల్లో లోపల పని మాత్రం జోరుగా సాగుతుంటుంది. గర్భసంచి కండర కణాలు ఒకదాంతో ఒకటి కలిసి ఒకేసారి బిగుసుకునేలా వాటి మధ్య దారులు ఏర్పడతాయి. గర్భసంచిని బిగించే హార్మోన్ అయిన ఆక్సిటోసిన్‌ని అందుకునే రిసెప్టర్లు పెరుగుతాయి. గర్భసంచి ముఖద్వారంలో బిగువుగా అల్లుకుని ఉన్న కొలాజెన్ వదులై, నీరు చేరి, మెత్తబడుతుంది. లోపల పరీక్ష చేసే డాక్టరు వేలికి తగిలేది ఈ మార్పే. గట్టిగా ఉన్న ముఖద్వారం ముక్కు కొనలా, మెత్తబడ్డది పెదవిలా తగులుతుందని వైద్య విద్యార్థులకి నేర్పుతారు. మెత్తదనం, ఎంత తెరుచుకుంది, ఎంత పల్చబడింది, ఎటు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత దిగింది, ఈ ఐదింటికీ మార్కులు వేసే పద్ధతిని ఎడ్వర్డ్ బిషప్ 1964లో ఇచ్చాడు, ఇప్పటికీ కేస్ షీట్లో ఆయన పేరుతోనే రాస్తారు.

ఈలోగా ఇంట్లో సలహాలకి కొదవుండదు. బీచ్ రోడ్డు మీద పొద్దున్న వాహనాలు లేని వేళ నడవమంటారు, నడక మంచిదే, ఒంటికీ మనసుకీ, నొప్పులు తెప్పిస్తుందన్న గట్టి ఆధారం మాత్రం లేదు. అనాసపండుకీ లేదు. ఆముదం సంగతి వేరు, అందులోని రిసినోలెయిక్ ఆమ్లం పేగు మీదా గర్భసంచి మీదా నిజంగానే పనిచేస్తుంది, అందుకే ఇంట్లో సొంతంగా తాగకూడదు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు పోతే నీరసంతోనే కాన్పు గదికి వెళ్ళాలి. అమావాస్యకో పౌర్ణమికో నొప్పులు వస్తాయన్న మాటని అమెరికాలో 62 చాంద్రమాసాల్లో జరిగిన 5,64,039 జననాలతో సరిచూశారు, ఏ తిథికీ ప్రత్యేకంగా ఎక్కువ లేవు.

వీటన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఒకటుంది: "నొప్పులు దగ్గరపడితే బిడ్డ కదలడం తగ్గుతుందిలే." తగ్గదు. స్థలం చాలక తన్నే తీరు మారొచ్చు, దొర్లినట్టు ఒత్తినట్టు అనిపించొచ్చు, కానీ రోజూ ఉండే కదలికలు చివరిదాకా ఉండాలి. తగ్గినట్టు అనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు, అర్ధరాత్రయినా బయల్దేరాల్సిందే. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా అంతే.

డేట్ దాటాక డాక్టరు రెండు మూడు రోజులకోసారి రమ్మనేది కూడా ఈ భయంతోనే. పొట్ట చుట్టూ రెండు బెల్టులు కడతారు, ఒకటి బిడ్డ గుండె వినడానికి, ఒకటి గర్భసంచి బిగుసుకోవడం పట్టడానికి. తల్లి చేతికి ఒక బటన్ ఇస్తారు, బిడ్డ కదిలినప్పుడల్లా నొక్కమంటారు. ఇరవై నిమిషాలో అరగంటో కాగితం మీద గీత సాగుతూ ఉంటుంది, కదిలినప్పుడు గుండె వేగం నిమిషానికి 15 పెరిగి కాసేపు నిలిస్తే బిడ్డకి ఆక్సిజన్ బాగానే అందుతున్నట్టు లెక్క. గీత చదునుగా ఉంటే చాలాసార్లు బిడ్డ నిద్రపోతూ ఉంటుంది, ఇంకాసేపు చూస్తారు. స్కాన్‌లో ఉమ్మనీరు కొలుస్తారు. 42 వారాలు దాటేకొద్దీ మాయ పనితనం తగ్గొచ్చు, నీరు తగ్గొచ్చు, బిడ్డ కడుపులోనే మలవిసర్జన చేసి దాన్ని పీల్చే ప్రమాదం పెరుగుతుంది, కడుపులోనే బిడ్డ చనిపోయే అవకాశం కూడా, తక్కువే అయినా, పెరుగుతుంది.

ఎంతవరకు ఆగాలి అన్నదానికి ఇప్పుడు మంచి ఆధారాలున్నాయి. స్వీడన్‌లో 41 వారాలకే నొప్పులు తెప్పించడాన్నీ 42 దాకా ఆగడాన్నీ పోల్చిన పరిశోధనని మధ్యలోనే ఆపేశారు, ఎందుకంటే ఆగినవాళ్ళలో ఆరుగురు బిడ్డలు చనిపోయారు, తెప్పించినవాళ్ళలో ఒక్కరూ లేరు. 2019లో అది వెలువడింది. మరుసటి ఏడు 34 పరిశోధనల్ని కలిపి చూసిన కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష లెక్క ప్రకారం సుమారు 544 మందికి నొప్పులు తెప్పిస్తే ఒక బిడ్డ మరణం తప్పుతుంది. తేదీ ఖాయంగా తెలిసి 41 వారాలు నిండినవాళ్ళకి నొప్పులు తెప్పించమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి 40 దాటిన మొదటి మూడు నాలుగు రోజులు, అన్నీ బాగుంటే, హడావిడి పడాల్సిన పనిలేదు, 41 దాటాక "ఇంకా చూద్దాం" అని ఇంట్లో కూర్చోవడం తగదు. బీపీ, షుగర్, బిడ్డ ఎదుగుదల తక్కువ లాంటివి ఉంటే లెక్క వేరు, వాళ్ళు డేట్ దాకా కూడా ఆగకపోవచ్చు.

నొప్పులు తెప్పిస్తే చివరికి ఆపరేషనే అన్న భయం చాలామందికి ఉంది. పై సమీక్షలో సిజేరియన్లు కాస్త తగ్గాయి కూడా. అమెరికాలో 6,106 మంది తొలిచూలు తల్లులతో చేసిన 2018 నాటి పరిశోధనలో 39వ వారంలో నొప్పులు తెప్పించినవాళ్ళకి సిజేరియన్ 18.6 శాతం, ఆగినవాళ్ళకి 22.2 శాతం. మన దగ్గర 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశం మొత్తం మీద 21.5. ఇందులో మంచి ముహూర్తం చూసుకుని కోయించుకునేవాళ్ళూ ఉన్నారు, 37, 38 వారాలకే నక్షత్రం కోసం బిడ్డని బయటికి తీయడం నాకు చాలా బాధగా ఉంటుంది, ఊపిరితిత్తులు ఇంకా సిద్ధపడుతున్న సమయం అది.

ఇండక్షన్‌కి, అంటే నొప్పులు తెప్పించడానికి రమ్మన్నప్పుడు ఓపిక కూడా సర్దుకుని వెళ్ళాలి. ముఖద్వారం మెత్తబడకపోతే ముందు దాన్ని మెత్తబరచడానికే జెల్లో మాత్రో పెడతారు, లేదా చిన్న బెలూన్ ఉన్న గొట్టం, ఆ తర్వాతే ఆక్సిటోసిన్ డ్రిప్. (ఆ హార్మోన్‌ని ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ డు విన్యోకి 1955లో నోబెల్ వచ్చింది.) తొలిచూలుకి ఇదంతా ఒకరోజు, ఒక్కోసారి ఒకటిన్నర రెండు రోజులు పట్టొచ్చు. తల్లీ బిడ్డా బాగున్నంతసేపు అది విఫలమైనట్టు కాదు. వార్డు బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఆరు గంటలు గడిచేసరికి "ఇంకెంతసేపు, ఆపరేషన్ చేసేయండి" అని ఒత్తిడి పెట్టకుండా, నర్సమ్మని ఒక్క మాట అడిగితే చాలు: ముఖద్వారం పొద్దున్నకీ ఇప్పటికీ ఎంత మారింది, బిడ్డ గుండె ఎలా ఉంది.