బస్తీలో సంఘం: బయటివాళ్ల అపోహలు, లోపలి వాస్తవాలు

పేద బస్తీల్లో క్రైస్తవ సంఘాలు, అంటే చర్చిలు, మొదలుపెట్టే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. కొత్తగా ఎవరు కలిసినా మొదట అడిగేది ఒక్కటే: "బ్రదర్, బిల్డింగ్ ఎప్పుడు కడుతున్నారు?" సరే, అక్కడినుంచే మొదలుపెడదాం.

అపోహ: స్థలం, భవనం ఉంటేనే సంఘం.

వాస్తవం: మొదటి శతాబ్దాల్లో సంఘం ఎక్కువగా ఇళ్లలోనే కూడుకునేది. రోమా పత్రిక 16వ అధ్యాయంలో అకుల, ప్రిస్కిల్ల ఇంట్లో ఉన్న సంఘానికి పౌలు వందనాలు చెప్తాడు. సిరియాలోని దూరా యూరోపస్‌లో తవ్వకాల్లో బయటపడిన మూడో శతాబ్దపు చర్చి కూడా మామూలు ఇంటిని కొంచెం మార్చుకున్నదే. బస్తీలో ఇంకో సంగతి ఉంది. అక్కడి చాలామందికి తాము ఉంటున్న నేలకి కాగితాలుండవు, ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియదు. వాళ్ల మధ్య మనం గట్టి భవనం కట్టి గేటుకి తాళం వేశామంటే వారానికి ఆరు రోజులు ఆ తాళమే వాళ్లతో మాట్లాడుతుంది. ఒక గదిలో పన్నెండు మందితో మొదలుపెట్టండి. మైకు మాత్రం వద్దు, గోడ అవతల నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న మనిషి ఉంటాడు.

అపోహ: సరుకులు పంచితే జనం వస్తారు.

వాస్తవం: వస్తారు. అదే సమస్య. యోహాను 6వ అధ్యాయం మళ్లీ చదవండి. ఐదు వేల మందికి ఆహారం పెట్టిన మర్నాడే, రొట్టెలు తిని తృప్తి పడ్డారు కాబట్టే నన్ను వెతుకుతున్నారని యేసు వాళ్ల ముఖం మీదే అన్నాడు, ఆ అధ్యాయం అయ్యేసరికి చాలామంది వెళ్లిపోయారు కూడా. నేనూ ఈ తప్పు చేశాను. ఒకచోట నెలకోసారి సంచులు పంచాం, ఆ ఆదివారం కూర్చోడానికి చోటుండేది కాదు, మిగతా మూడు వారాలు మా ఇంటివాళ్లమే ఉండేవాళ్లం. అంతకన్నా నొప్పి కలిగించింది ఏంటంటే, పక్కింటివాళ్లకి అత్యవసరమైతే ముందునుంచీ తలా కొంత వేసుకునే ఆడవాళ్లు అది మానేసి "పాస్టరు గారిని అడగండి" అనడం మొదలుపెట్టారు. వాళ్లకి ఉన్నదాన్ని మేమే పోగొట్టాం.

అగ్నిప్రమాదమో వరదో వస్తే వెంటనే ఇవ్వాలి, ఎవరు ఏ మతమని అడక్కుండా ఇవ్వాలి. ఇందులో వాదన లేదు. ఆ పరిస్థితి దాటిపోయాక కూడా అదే పద్ధతిలో ఏళ్ల తరబడి పంచుతూ పోవడమే తప్పు. ఇక సహాయాన్ని ఎర చేసి మనుషుల్ని చర్చికి రప్పించడం గురించైతే, 2011లో వాటికన్ మతాంతర సంభాషణల మండలి, ప్రపంచ చర్చిల మండలి, వరల్డ్ ఇవాంజెలికల్ అలయన్స్ కలిసి విడుదల చేసిన పత్రంలోనే, పేదరికాన్ని వాడుకుని ఆశపెట్టడం క్రైస్తవ పరిచర్యలో ఉండకూడదని స్పష్టంగా ఉంది. సాధారణంగా ఏ విషయంలోనూ ఒకే బెంచీ మీద కూర్చోని వాళ్లు ఈ మాట మీద కలిశారు.

అపోహ: పేదవాళ్లు ఏమిస్తారు, డబ్బు బయటినుంచే రావాలి.

వాస్తవం: నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. మాసిదోనియ సంఘాలు నిరుపేదరికంలో ఉండి కూడా ఉదారంగా ఇచ్చాయని రెండో కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో ఉంది, దాని మీద ప్రసంగాలు చేస్తాం, బస్తీకి వెళ్లగానే మర్చిపోతాం. 19వ శతాబ్దంలోనే హెన్రీ వెన్, రూఫస్ ఆండర్సన్ అనే ఇద్దరు మిషన్ నాయకులు, ఒకరు ఇంగ్లండ్‌లో, ఒకరు అమెరికాలో, ఒకే మాట చెప్పారు: సంఘం తన్ను తానే నడుపుకోవాలి, తన ఖర్చు తానే భరించాలి, తానే వ్యాపించాలి. 1890లో జాన్ నీవియస్ కొరియా వెళ్లి అక్కడి కొత్త మిషనరీలకి దాదాపు ఇదే నేర్పాడు.

మా మొదటి సంఘానికి హాలు అద్దె, పాస్టరు జీతం, కుర్చీలు, అన్నీ బయటి చర్చి ఇచ్చేది. మూడేళ్ల తర్వాత వాళ్లు ఆపేశారు, రెండు నెలల్లో మాది మూతపడింది. విశ్వాసులు చెడ్డవాళ్లు కాదు, అది తమదని వాళ్లకి ఎప్పుడూ అనిపించలేదు, అంతే. తర్వాత మొదలుపెట్టిన చోట రెండో వారంనుంచే కానుక పెట్టె పెట్టాం. అందులో పడింది చిల్లరే, కానీ ప్రతి నెలా లెక్క అందరిముందూ చదివేవాళ్లం, ఖర్చు ఎలా పెట్టాలో వాళ్లే చెప్పేవాళ్లు.

ఇక్కడే ఇంకో గుంట ఉంది, అదీ చెప్పాలి. "ఇస్తే దేవుడు పదింతలు ఇస్తాడు" అని, అప్పు తీర్చలేక నిద్రపోని మనిషి దగ్గర దశమభాగం, అంటే ఆదాయంలో పదోవంతు కానుక, రాబట్టడం నా దృష్టిలో దోపిడీ. ఇవ్వలేని నెల ఇవ్వక్కర్లేదని పాస్టరే నోరు తెరిచి చెప్పాలి.

అపోహ: ఆత్మల రక్షణ ఒకటి, సామాజిక సేవ వేరొకటి.

వాస్తవం: విలియం బూత్ 1865లో తూర్పు లండన్ పేదవాడల్లో వీధి ప్రసంగాలతోనే మొదలుపెట్టాడు, అదే 1878లో సాల్వేషన్ ఆర్మీ అయింది. అక్కడ అగ్గిపెట్టెల కార్మికులకి తెల్ల భాస్వరం వల్ల దవడ ఎముక కుళ్లిపోయేది. 1891లో సాల్వేషన్ ఆర్మీ తనే ఒక ఫ్యాక్టరీ పెట్టి, ప్రమాదం తక్కువైన ఎర్ర భాస్వరంతో అగ్గిపుల్లలు తయారు చేయించి, కూలీ కూడా ఎక్కువిచ్చింది. పాట పాడే నోరు బాగుండాలి కదా.

అపోహ: చదువుకున్న సేవకుణ్ణి బయటినుంచి పంపాలి.

వాస్తవం: పంపొచ్చు, కానీ వెళ్లినవాడు అక్కడే ఇల్లు తీసుకోవాలి. అమెరికాలో పేదల మధ్య పనిచేసిన జాన్ పెర్కిన్స్ 3వ తరగతితోనే బడి మానేసిన నల్లజాతి మనిషి. కాలిఫోర్నియాలో స్థిరపడ్డాక కూడా 1960లో కుటుంబంతో తిరిగి మిసిసిపీ వెళ్లాడు. పేదల మధ్యే కాపురం ఉండాలన్నది ఆయన బోధలో మొదటి సూత్రం. మన అజరయ్య గారు, డోర్నకల్ బిషప్ కాకముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సదస్సులో అందరి ముందు నిలబడి అడిగింది కూడా మాకు స్నేహితులు కావాలనే. మీ త్యాగాలు చూశాం, ప్రేమ కూడా కావాలి అన్నారు. ఆరోజు అక్కడ చాలామందికి ఇబ్బంది కలిగిందట.

నాయకుడు మాత్రం ఆ వీధిలోనే పుడతాడు. చదవడం రానివాళ్లకి కథ చెప్పి, తిరిగి చెప్పించి, మరో ఇంట్లో చెప్పమని పంపుతాం. సెమినరీలో, అంటే పాస్టర్ల శిక్షణ కాలేజీలో, రాసుకున్న నోట్స్ అక్కడ పనికిరావు, నావి పనికిరాలేదు.

అపోహ: పిల్లల్ని పోగుచేస్తే తల్లిదండ్రులు వాళ్లే వస్తారు.

వాస్తవం: తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఒక్క పిల్లని కూడా కూర్చోబెట్టొద్దు, గదిలో కనీసం ఇద్దరు పెద్దవాళ్లుండాలి. దాతలకి పంపడానికి చినిగిన బట్టల ఫోటోలు తీయొద్దు. ఇంతకుమించి వివరించాల్సింది లేదు.

అపోహ: సంఖ్య పెరక్కపోతే పని ఫెయిలైనట్టే.

వాస్తవం: బస్తీలో జనం నిలవరు. అద్దె పెరుగుతుంది, పని పోతుంది, ఇళ్లు కూల్చేస్తారు. ఒకసారి మా దగ్గరినుంచి పదకొండు కుటుంబాలు ఒకే నెలలో వెళ్లిపోయాయి, రిపోర్టులో ఏం రాయాలో తెలీక నాకు ఒకటే టెన్షన్. ఏడాది తర్వాత తెలిసింది, వాటిలో మూడు కుటుంబాలు వెళ్లిన చోట ఇంటి ప్రార్థనలు పెట్టాయని. రెండింటికి వెళ్లొచ్చాను. మూడో ఇంటివాళ్లు ఇంకా నన్ను పిలవలేదు.