మహిళల కోసం ఇచ్చిన తీర్పు, మహిళల పత్రికపై కేసు

పెద్దల కోసం తయారైన కథలు, ఆటల మీద వివాదం మళ్లీ రాజుకుంది. 2025 జులైలో చిన్న తయారీదారుల ఆటలు, కథలు అమ్మే ఆన్‌లైన్ వేదిక ‘ఇచ్.ఐఓ’ (itch.io) ఆ కోవలోని వాటన్నిటినీ సెర్చ్‌లో కనబడకుండా చేసింది. మహిళలపై హింసను వినోదంగా అమ్ముతున్నారంటూ ఆస్ట్రేలియా సంస్థ కలెక్టివ్ షౌట్ ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీలకు బహిరంగ లేఖ రాసింది. ఆ కంపెనీల ఒత్తిడికి వేదిక తలొగ్గింది. ఆ వేటులో లెస్బియన్లు, ట్రాన్స్ రచయితలు తమవాళ్ల కోసం రాసుకున్నవీ పోయాయి.

స్త్రీల శృంగారాన్ని స్త్రీలే అచ్చు వేసుకున్న 1984 సంగతి చాలామందికి తెలిసిందే. అమెరికాలో లెస్బియన్ పత్రికలైన శాన్‌ఫ్రాన్సిస్కో ‘ఆన్ అవర్ బ్యాక్స్’, బోస్టన్ ‘బ్యాడ్ ఆటిట్యూడ్’, న్యూయార్క్‌లో క్యాండిడా రాయల్ సినిమా సంస్థ ఆ ఏడాదే మొదలయ్యాయి. నేటి గొడవ మూలం తెలియాలంటే మాత్రం కెనడా వైపు చూడాలి.

1992 ఫిబ్రవరి 27న, అశ్లీల వీడియోలు అమ్మిన షాపు యజమాని బట్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు అశ్లీలతకు కొత్త కొలత పెట్టింది. నీతి చెడుతుందా అన్నది పక్కనపెట్టి సమాజానికి, ముఖ్యంగా స్త్రీలకు హాని జరుగుతుందా అన్నది చూడాలంది. మహిళల హక్కుల సంస్థ ‘లీఫ్’ కోర్టులో వాదించిందీ ఇదే. అయితే అదే తీర్పులో ఇంకో మాట ఉంది. మనిషిని కించపరిచే దృశ్యానికి సమ్మతి ఉన్నంత మాత్రాన సరిపోదని, ఒక్కోసారి సమ్మతి ఉన్నట్టు కనిపించడమే దాన్ని మరింత హీనంగా మారుస్తుందని. నా దృష్టిలో అసలు మలుపు ఆ మాటే. సమ్మతి చుట్టూనే కథలు అల్లుకునే లెస్బియన్ పత్రికలకు కోర్టులో చెప్పుకోవడానికి ఇంకేం మిగిలింది?

రెండు నెలలు తిరిగేసరికి టొరంటో పోలీసులు లెస్బియన్, గే పుస్తకాలమ్మే గ్లాడ్ డే షాపు నుంచి ‘బ్యాడ్ ఆటిట్యూడ్’ సంచికను పట్టుకుపోయారు. ఒక స్త్రీ మరో స్త్రీని వెంబడించి, కళ్లకు గంతలు కట్టే కథ అందులో ఉంది. రాసింది స్త్రీ, ఉద్దేశించింది స్త్రీలకు. 1993లో కోర్టు షాపును దోషిగా తేల్చింది. వెంబడించిన మనిషి మగవాడే అనుకుంటే హాని ఎవరికైనా కనబడుతుంది, ఆడమనిషి అయినంత మాత్రాన తేడా ఏమీ లేదన్నది జడ్జి తర్కం. కథలో లేని మగవాణ్ణి తెచ్చి నిలబెట్టి, స్త్రీల పత్రికను దోషిని చేయడం నాకు ఈనాటికీ మింగుడుపడదు.

వాంకూవర్‌లోని లెస్బియన్, గే పుస్తకాల షాపు లిటిల్ సిస్టర్స్ గోడు ఇంకోటి. అమెరికా నుంచి వచ్చే పార్సెళ్లను కస్టమ్స్ వాళ్లు ఆపేవారు. విప్పి చూసి ఫారంలో ఒక గడిలో టిక్కు పెట్టేవారు, షాపుకు దక్కే సంజాయిషీ అదే. అవే పుస్తకాలు మామూలు షాపులకు నిక్షేపంగా చేరేవి. బట్లర్ తీర్పును సమర్థించేవాళ్లు ఈ వేధింపులు అంతకుముందు నుంచే ఉన్నాయంటారు. నిజమే, షాపు 1990లోనే దావా వేసింది. కానీ ఆ పాత అలవాటుకు తీర్పు మర్యాదైన కారణం అందించింది.

ఆ దావాలో 2000 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు కస్టమ్స్ వివక్ష చూపిందని ఒప్పుకుంది. పుస్తకం అశ్లీలం కాదని తెప్పించుకున్నవాళ్లే నిరూపించుకోవాలన్న నిబంధనను కొట్టేసింది. బట్లర్ కొలతను మాత్రం అలాగే ఉంచింది, లెస్బియన్, గే పుస్తకాలకూ అదే వర్తిస్తుందంది. ఆ తర్వాతా కస్టమ్స్ వాళ్లు పార్సెళ్లను ఆపారు. షాపు మళ్లీ కోర్టుకెక్కింది. కేసు ఖర్చులు ప్రభుత్వమే ముందుగా భరించేలా చూడమన్న విన్నపాన్ని సుప్రీంకోర్టు 2007 జనవరిలో తిరస్కరించింది. డబ్బు లేక షాపు ఆ కేసును మధ్యలోనే వదులుకుంది.