చక్రాలు పనిచేయని చోట గెంతుతూ తిరిగిన రోవర్లు

రోవర్ అనగానే మనకి కళ్ళముందు కనిపించేది ఆరు చక్రాల బండి. 2023లో చంద్రుడి మీద తిరిగిన మన ప్రజ్ఞాన్‌కి ఆరు చక్రాలే, మార్స్ మీదున్న క్యూరియాసిటీకీ పర్సివరెన్స్‌కీ అంతే. కానీ 2018 సెప్టెంబర్ 21న జపాన్ వాళ్ళ హయబుసా2 అనే స్పేస్‌క్రాఫ్ట్ ర్యుగు అనే ఆస్టరాయిడ్ మీద వదిలిన రెండు రోవర్లకి ఒక్క చక్రం కూడా లేదు, కాళ్ళూ లేవు. అయినా అవి తిరిగాయి, ఫోటోలు తీసి పంపాయి, ఒక ఆస్టరాయిడ్ నేల మీద కదులుతూ తిరిగిన మొట్టమొదటి రోబోలు అవే.

ఎందుకు చక్రాలు పెట్టలేదో తెలియాలంటే ముందు ర్యుగు ఎలాంటి చోటో తెలియాలి. బొంగరంలా ఉంటుంది, అడ్డంగా కొలిస్తే దాదాపు 900 మీటర్లు, 7.6 గంటలకి ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. అంత చిన్నది కాబట్టి గ్రావిటీ మన భూమి మీద ఉన్నదాంట్లో సుమారు 80,000 వంతు మాత్రమే. అంటే ఇక్కడ 60 కిలోలు తూగే మనిషి అక్కడ ఒక గ్రాము కూడా తూగడు. సెకనుకి 40 సెంటీమీటర్ల స్పీడుతో పైకి లేస్తే చాలు, ఇక కిందకి రావడమంటూ ఉండదు, అలా స్పేస్‌లోకి వెళ్ళిపోవడమే. మనం మామూలుగా రోడ్డు మీద నడిచే స్పీడే దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది.

ఇప్పుడు అలాంటి చోట చక్రం తిప్పితే ఏమవుతుంది? చక్రం ముందుకి కదలాలంటే నేలని గట్టిగా పట్టుకోవాలి, ఆ పట్టు బండి బరువు వల్లే వస్తుంది, ఇక్కడ బరువే లేదు కదా. ఆ రోవర్లు ఒక్కొక్కటి కిలో పైన కొంచెం ఉంటాయి, ర్యుగు మీద అవి నేలని నొక్కే బరువు భూమి మీద పదమూడో పద్నాలుగో మిల్లీగ్రాముల వస్తువు నొక్కినంత. చక్రం తిరగడం మొదలవగానే జారిపోతుంది, లేదా చిన్న రాయి తగిలితే బండి మొత్తం గాల్లోకి లేస్తుంది, నిజానికి అక్కడ గాలి కూడా లేదు.

ఎలాగూ పైకి లేస్తుంది కాబట్టి ఆ లేవడాన్నే నడకగా వాడుకుందాం అనుకున్నారు ఇంజనీర్లు. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చింది ఇదే. 18 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల ఎత్తు ఉండే గుండ్రటి డబ్బా, చుట్టూ సోలార్ సెల్స్, లోపల ఒక మోటర్. ఆ మోటర్ ఒక వైపు తిరిగితే డబ్బా రెండో వైపు తిరగాలని చూస్తుంది, అప్పుడు దాని అంచు నేలని కొద్దిగా తోస్తుంది, ఆ చిన్న తోపుకే రోవర్ మొత్తం లేచి, ఒక్క గెంతుకి దాదాపు 15 నిమిషాల దాకా పైనే ఉండి, అటూ ఇటూగా 15 మీటర్ల దూరంలో మెల్లగా దిగుతుంది. బయట కదిలే భాగమంటూ ఏదీ లేదు కాబట్టి దుమ్ము పట్టడం, ఇరుక్కుపోవడం అనే బాధ కూడా లేదు. కాకపోతే మోటర్ స్పీడు లెక్క తప్పకూడదు, ఎక్కువైతే అది మళ్ళీ దిగదు.

మొదట వచ్చిన ఫోటోల్లో ఒకటి గెంతు మధ్యలో తీసింది, ఒక పక్క ర్యుగు నేల, ఫోటో మొత్తం కదిలిపోయి మసకగా ఉంటుంది. ఆ మసకే రోవర్ నిజంగా కదులుతోందనడానికి సాక్ష్యం. వాళ్ళకి ఆ ఫోటో ఎంత విలువైందో తెలియాలంటే 2005 గుర్తు చేసుకోవాలి. మొదటి హయబుసా ఇటొకావా అనే ఆస్టరాయిడ్ దగ్గర ఇలాంటి గెంతే రోవర్‌నే, మినర్వా అని పేరు, వదిలింది. కానీ వదిలే సమయానికి స్పేస్‌క్రాఫ్ట్ పైకి లేస్తోంది, ఆ కొద్దిపాటి స్పీడే మినర్వాకీ వచ్చింది, ఇటొకావా గ్రావిటీ దాన్ని వెనక్కి లాగలేకపోయింది, అలా దూరంగా తేలిపోయింది. అదే ఐడియాని వదిలేయకుండా పదమూడేళ్ళ తర్వాత ర్యుగు మీద మినర్వా-2 అని మళ్ళీ దించారు.

2018 అక్టోబర్ 3న ఇంకొకటి దిగింది, జర్మనీ, ఫ్రాన్స్ కలిసి చేసిన మాస్కాట్. ఇది పది కిలోల పెట్టె, సోలార్ లేదు, బ్యాటరీ ఉన్నంతసేపే ప్రాణం, 17 గంటలు పనిచేసింది. దిగడం దిగడమే తలకిందులుగా పడింది, సెన్సార్లు ఆకాశం వైపు చూస్తున్నాయి. లోపల టంగ్‌స్టన్ బరువు కట్టిన ఒక చేయి ఉంటుంది, దాన్ని విసురుగా తిప్పించి పెట్టెని సరిగ్గా తిరగేశారు. అక్కడ దానికి కనిపించింది ఏంటంటే రాళ్ళ మీద అనుకున్నట్టు దుమ్ము పరుచుకుని లేదు, పైగా రాయి లోపలంతా బోలుబోలుగా, వేడిని సరిగ్గా మోయలేనంత గుల్లగా ఉంది. అలాంటి రాయి భూమి వాతావరణంలోకి వస్తే ముక్కలైపోతుంది, అందుకే మనకి దొరికే ఉల్కల్లో ఆ రకం అరుదుగా ఉంటాయని సైంటిస్టులు అంటున్నారు.

హయబుసా2 కూడా స్వయంగా దిగాలి, శాంపిల్ తీసుకోవాలి. దగ్గరికెళ్ళి చూస్తే చదునైన చోటే లేదు, ఎటు చూసినా బండరాళ్ళు, అక్టోబర్‌లో దిగాల్సింది 2019 ఫిబ్రవరి 22 దాకా వాయిదా వేశారు. భూమి నుంచి సిగ్నల్ వెళ్ళడానికే పావుగంట పైన పడుతుంది కాబట్టి చివరి మీటర్లు అది తనంతట తానే చూసుకోవాలి. దానికి గుర్తుగా ముందే ఒక మెరిసే బంతిని కింద వేశారు, అది ఎగిరి పోకుండా ఉండాలని లోపల చిన్న గుళికలు నింపారు, జపాన్ పిల్లలు ఆడుకునే ఒటెదమా అనే గింజల సంచి నుంచి వచ్చిన ఆలోచన అది. 6 మీటర్ల వెడల్పున్న చోటులో, అనుకున్న పాయింట్‌కి మీటరు తేడాలో దిగింది. శాంపిల్ తీసే గొట్టం నేలకి తాకగానే 5 గ్రాముల టాంటలం బుల్లెట్ పేలి, ఎగిరిన ముక్కలు లోపలికి వెళ్ళాయి, వెంటనే పైకి లేచింది. నిలబడలేదు, తాకి వచ్చేసింది అంతే.

ఆ ఏప్రిల్‌లో 2 కిలోల రాగి ముద్దతో ర్యుగుని సెకనుకి 2 కిలోమీటర్ల స్పీడుతో కొట్టారు, దాదాపు 14.5 మీటర్ల గొయ్యి పడింది, రాళ్ళ మధ్య పట్టు అంటూ పెద్దగా లేదని అలా తెలిసింది. అమెరికా వాళ్ళ ఓసిరిస్-రెక్స్ స్పేస్‌క్రాఫ్ట్ 2020లో బెన్ను అనే ఆస్టరాయిడ్ మీద ఆనినప్పుడు కూడా ఇదే, చేయి అర మీటరు దాకా లోపలికి దిగిపోయింది. అంటే ఈ చిన్న ఆస్టరాయిడ్లు ఒక్క రాయి కాదు, బలహీనమైన గ్రావిటీ పోగేసి ఉంచిన కుప్పలు.

ర్యుగు నుంచి 5.4 గ్రాములు 2020 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాలోని వూమెరాలో దిగాయి, స్పేస్‌క్రాఫ్ట్ మాత్రం ఆగకుండా ముందుకి పోయింది. 2031లో అది 1998 కేవై26 అనే ఇంకో ఆస్టరాయిడ్ దగ్గరికి చేరాలి. దాని సైజు 11 మీటర్ల దగ్గర, తన చుట్టూ తాను తిరగడానికి ఐదు నిమిషాలే. ఆ స్పీడుకి నడుము దగ్గర బయటికి విసిరే బలం దాని గ్రావిటీ కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ ఉంటుంది, అక్కడ గెంతే రోవర్ పెట్టినా నిలవదు. హయబుసా2 దగ్గర ఇంకా ఒక బుల్లెట్, ఒక మెరిసే బంతి మిగిలే ఉన్నాయి.